ఊరి సరస్సు చుట్టూ కాలినడకన

లూసర్న్ సరస్సులో ఉన్న నీరు 11.8 ఘన కిలోమీటర్లు. మన లెక్కలో దాదాపు 417 టీఎంసీలు. నాగార్జునసాగర్ కట్టిన కొత్తలో దాని మొత్తం సామర్థ్యం 408 టీఎంసీలు. పూడిక చేరి ఇప్పుడది 312కు దిగింది. అంటే స్విట్జర్లాండ్ కొండల మధ్య, ఎవరూ ఆనకట్ట కట్టకుండానే, నిండు సాగర్ ఒకటి ఉందన్నమాట. పైగా సాగర్ 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటే ఇది 114లోనే ఇమిడిపోయింది. అంతా లోతు మహిమ. సగటు లోతే 104 మీటర్లు, అన్నిటికంటే లోతైన చోట 214. హిమనదాలు తొలిచిన లోయలో నీళ్ళు నిలిచాయి కాబట్టి ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే అడుగు అందదు.

నీటిపారుదల పనుల్లో ఉద్యోగ జీవితం గడిపినవాడికి ఇలాంటి అంకెలు కనిపిస్తే మనసు ఊరుకోదు. మా అమ్మాయి జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తోంది. చూడడానికి రమ్మని పిలుస్తూనే ఉంది. మంచు శిఖరం మీదికి రైలెక్కి, ఫొటో దిగి, దిగిరావడం నాకు ఇష్టం లేదు. ఆ సరస్సు చుట్టూ నడుద్దామన్నాను. మా ఆవిడ మోకాళ్ళ సంగతి గుర్తుచేసింది. మా బావమరిదికి కోఠీలో స్టేషనరీ దుకాణం ఉంది. సెప్టెంబరుకు ఎండాకాలపు రద్దీ తీరిపోతుంది కనుక తానూ వస్తానన్నాడు. వేసవంతా ముగ్గురం కేబీఆర్ పార్కులో నడిచాం, ఆదివారాలు గోల్కొండలో బాలాహిసార్ మెట్లు ఎక్కి దిగాం. మెట్లు ఎక్కడం కంటే దిగడం సాధన చేసి ఉంటే బాగుండేదని తర్వాత తెలిసింది.

మొత్తం సరస్సు చుట్టడం మా వయసుకు తగిన పని కాదు. దాని ఆకారం కూడా అందుకు ఒప్పుకోదు, అన్ని వైపులకూ చేతులు చాచి ఉంటుంది. మేం ఎంచుకున్నది ఆగ్నేయాన ఉన్న చేయి. పదకొండు కిలోమీటర్ల పొడవు, రెండు పక్కలా నిలువు కొండలు. ఊరి అనే కాంటన్‌లో ఉంది కాబట్టి దాన్ని ఊరి సరస్సు అంటారు. కాంటన్ అంటే మన రాష్ట్రం వంటిది. ఆ చిన్న దేశంలో అలాంటివి ఇరవై ఆరు ఉన్నాయి. ఈ సరస్సు చుట్టూ 35 కిలోమీటర్ల కాలిబాట ఉంది. ఆ బాట కథే నన్ను అక్కడికి లాక్కెళ్ళింది. అది శుక్రవారం సంగతిలో చెబుతాను.

గురువారం: లూసర్న్

జ్యూరిక్ నుంచి లూసర్న్‌కు రైలులో గంట కూడా పట్టదు. అమ్మాయి ఒక పూట సెలవు పెట్టి మమ్మల్ని పడవ ఎక్కించడానికి వచ్చింది. లూసర్న్ వచ్చినవాళ్ళంతా పాత చెక్క వంతెన దగ్గర ఆగుతారు. 1993లో అందులో చాలా భాగం కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. మేమూ ఆగాం, ఫొటోలు తీసుకున్నాం. నేను చూడాలనుకున్నది మాత్రం దానికి కాస్త దిగువన ఉంది.

రాయిస్ అనే నది ఊరి సరస్సు దక్షిణపు కొసన లోపలికి వచ్చి, లూసర్న్‌లో బయటికి పోతుంది. పోయే చోట 1860 ప్రాంతంలో కట్టిన అడ్డుకట్ట ఒకటి ఉంది. నదికి అడ్డంగా చెక్క కడ్డీలు పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. సరస్సు మట్టం పెరిగితే పనివాళ్ళు వచ్చి చేతులతో కొన్ని కడ్డీలు పైకి లాగేస్తారు. తగ్గితే మళ్ళీ దించుతారు. 417 టీఎంసీల చెరువుకు అదే అలుగు, అదే తూము. 2005 వరదల్లో లూసర్న్ వీధుల్లోకి నీళ్ళు వచ్చాక పక్కన ఇంకో దారి కల్పించి సామర్థ్యం పెంచారు కానీ, కడ్డీలను తీసేయలేదు. మనవాళ్ళయితే గేట్లు, మోటార్లు, కంట్రోల్ రూమ్ పెట్టి, రెండో ఏడాదికే గేటు తుప్పు పట్టిందని ఫైలు నడిపేవాళ్ళం. ఫైళ్ళు నడిపినవాణ్ణి కనుక ఆ మాట అనే హక్కు నాకుంది.

"నాన్నా, పడవ నీ కోసం ఆగదు" అని అమ్మాయి రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

ఈ సరస్సులో ఆవిరితో నడిచే పాత చక్రాల పడవలు ఇంకా అయిదు తిరుగుతున్నాయి. అన్నిటికంటే పాతది 1901 నాటిది. మేం ఎక్కిన గాలియా 1913లో నీళ్ళలోకి దిగింది. పడవ మధ్యలో ఇంజన్ కనిపించేలా తెరిచి ఉంచారు. మెరిసే ఉక్కు దండాలు ముందుకీ వెనక్కీ ఆడుతుంటే బావమరిది అక్కడి నుంచి కదలలేదు. విట్స్‌నావ్ రేవు దగ్గర కొండెక్కే పళ్ళ చక్రాల రైలు కనిపించింది. 1871లో మొదలైన ఆ లైను ఐరోపాలో మొదటి పర్వత రైలు. మేం ఎక్కలేదు.

బ్రున్నెన్ దగ్గర సరస్సు ఒక్కసారిగా దక్షిణానికి తిరుగుతుంది. అప్పటిదాకా పచ్చని వాలులు, తోటలు, హోటళ్ళు. మలుపు తిరగగానే రెండు వైపులా రాతిగోడలు, మధ్యలో ముదురాకుపచ్చ నీరు. మా ఆవిడ లేచి నిలబడి చూసింది. "ఈ గోడల మీద దారెక్కడుందండీ?" అంది. దూరం నుంచి నాకూ కనబడలేదు.

రాత్రి బ్రున్నెన్‌లో బస.

శుక్రవారం: రూట్లి, సేలిస్‌బెర్గ్

బ్రున్నెన్ నుంచి రూట్లికి పడవలో కాసేపే. రూట్లి అంటే ఊరేమీ కాదు. అడవి మధ్య వాలుగా ఉన్న గడ్డి మైదానం, ఒక జెండా, ఒక పాత ఇల్లు, అంతే. ఊరి, ష్వీట్స్, ఉంటర్‌వాల్డెన్ అనే మూడు లోయల మనుషులు 1291లో ఇక్కడ చేరి, ఒకరికొకరు అండగా ఉంటామని ప్రమాణం చేశారని స్విట్జర్లాండ్ పుట్టుక కథ. 1291 నాటి ఒప్పంద పత్రం నిజంగానే ఉంది. ఈ మైదానంలో రాత్రిపూట ప్రమాణం చేశారన్నది తర్వాత చెప్పుకున్న కథ. 1940 జులైలో, చుట్టూ యుద్ధం కమ్ముకున్నప్పుడు, వాళ్ళ సేనాధిపతి గీసాన్ తన పైస్థాయి సైనికాధికారులను ఇక్కడికే పిలిపించి మాట్లాడాడు. కథ నిజమో కాదో గాని, చోటుకు మాత్రం బలం ఉంది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఈ చరిత్ర కాదు. 1850ల చివర్లో ఈ మైదానంలో హోటల్ కట్టాలని ఒకరు పూనుకున్నారు. సరస్సు ఒడ్డు, కొండ వాలు, పడవ రేవు ఉన్న స్థలం కదా, ఎవరికైనా మనసవుతుంది. అప్పుడు దేశమంతటా బడిపిల్లల చేత చందాలు వేయించి, ఆ డబ్బుతో మైదానం కొని, ఎన్నటికీ అమ్మకూడదన్న షరతు మీద 1860లో దేశానికి ఇచ్చేశారు. హైదరాబాదులో చెరువుల పూర్తి నీటిమట్టం గీతలు గీసిన అనుభవం ఉన్నవాడిని. ఎఫ్‌టీఎల్ హద్దురాళ్ళు సాయంత్రం పాతితే మర్నాటికి కనిపించకపోవడం, రాయి ఉన్న చోట ప్రహరీ లేవడం చూశాను. 2024లో హైడ్రా వచ్చి కూల్చడం మొదలుపెట్టాక ఆ గొడవ అందరికీ తెలిసింది. అంతకుముందు అది కాగితాల్లోనే ఉండేది. రూట్లి బెంచీ మీద కూర్చుని బిస్కెట్లు తింటూ బావమరిదికి ఇదంతా చెప్పాను. "చందా వేసిన పిల్లలకు అక్కడ ప్లాటు ఇచ్చారా బావా?" అని అడిగాడు. దుకాణదారుడి బుద్ధి.

ఇక బాట కథ. 1991లో దేశానికి ఏడు వందల ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా స్మారకం కట్టకుండా ఒక కాలిబాట వేశారు. పేరు స్విస్ బాట. దాని పొడవును ఎలా పంచారో వినండి. అప్పటి జనాభాలో మనిషికి అయిదు మిల్లీమీటర్లు. ఏ కాంటన్ జనాభాకు ఎంత వస్తే అంత మేర ఆ కాంటన్ వాటా. వాటాల వరస, ఆ కాంటన్లు దేశంలో చేరిన వరస. అందుకే రూట్లిలో మొదట ఊరి కాంటన్ వాటా వస్తుంది, కాసేపట్లోనే అయిపోతుంది. జ్యూరిక్ వాటా ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ. రెండుగా చీలిన అప్పెన్‌ట్సెల్ కాంటన్‌లో చిన్న సగానికి దక్కింది సుమారు డెబ్బై మీటర్లు. చివరిది 1979లో ఏర్పడిన జ్యూరా. ఒక్కో వాటా మొదలయ్యే చోట పేరు చెక్కిన రాయి పాతారు. ఆ రాళ్ళు ముప్పై ఏళ్ళు దాటినా ఉన్నచోటనే ఉన్నాయి.

నేను ఊరుకోలేక లెక్క వేశాను. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. మనిషికి అయిదు మిల్లీమీటర్ల చొప్పున 175 కిలోమీటర్లు వస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158. అంటే ఔటర్ చుట్టూ ఒక కాలిబాట వేసి, ఇంకా గండిపేట ఒడ్డున నడవడానికి పదిహేడు కిలోమీటర్లు మిగులుతుంది. కారు లేని ఒక దారి మనకూ ఉండాలన్న ఆశ నాది. హుస్సేన్ సాగర్ చుట్టూ నడుద్దామంటే సగం దూరం వాహనాలను తప్పించుకోవడానికే సరిపోతుంది.

రూట్లి నుంచి సేలిస్‌బెర్గ్‌కు అడవిలో నిటారుగా ఎక్కాలి. నీటి మట్టం 434 మీటర్లు, పైన ఊరు ఎనిమిది వందల ప్రాంతంలో ఉంది. బీచ్ అనే జాతి అడవి చెట్ల నీడ, వేళ్ళ మీదుగా పేర్చిన మెట్లు, మలుపు మలుపుకూ ఒక బెంచీ. పసుపు బోర్డుల మీద ఊరి పేరు పక్కన కిలోమీటర్లు ఉండవు, పట్టే సమయం ఉంటుంది. అది స్విస్ కాళ్ళ సమయం. మేం దానికి సగం కలుపుకున్నాం. ఆగిన ప్రతిచోటా నీరు ఇంకొంచెం కిందికి, రంగు ఇంకొంచెం చిక్కగా. నడవలేనివాళ్ళకు ట్రైబ్ రేవు నుంచి 1916 నాటి కేబుల్ రైలు ఉంది, తిన్నగా ఊళ్ళోకి తీసుకుపోతుంది.

సేలిస్‌బెర్గ్‌లో మాకొక వింత ఎదురైంది. కొండ అంచున సరస్సును చూస్తూ పెద్ద పాత హోటల్ భవనం. 1970లలో మహర్షి మహేశ్ యోగి తన ధ్యాన ఉద్యమానికి కేంద్రంగా చేసుకున్నది ఇదే. ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చి ఇక్కడ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. "ఇంత మంచి దృశ్యం ముందు పెట్టుకుని కళ్ళు మూసుకోవడం ఏమిటి?" అంది మా ఆవిడ. దానికి నా దగ్గర సమాధానం లేదు.

రాత్రి భోజనం ఆల్ప్స్ పశువుల కాపరుల వంటకం. మాకరోనీ, బంగాళదుంప ముక్కలు, మీగడ, జున్ను కలిపి, పైన వేయించిన ఉల్లిపాయ, పక్కన ఉడికించిన యాపిల్ గుజ్జు. బావమరిది సంచీలోంచి కరివేపాకు పొడి తీసి చల్లాడు. వడ్డించిన అబ్బాయి వాసన చూసి, తానూ ఒక చెంచా అడిగి తిన్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగినా బాగుందన్నాడు.

శనివారం: బావెన్, ఇస్లేటెన్, ఫ్లూయెలెన్

అన్నిటికంటే ఎక్కువ నడిచిన రోజు. దానికి తోడు శనివారం, మా ఆవిడకు ఒంటిపూట. ఈ ఒక్క వారం వదిలేయమని నేనూ, "అక్కా, వేంకటేశ్వరస్వామి ఏడుకొండలు ఎక్కేవాళ్ళ కష్టం ఎరిగినవాడే" అని బావమరిదీ చెప్పి చూశాం. వినలేదు. పొద్దున రొట్టె, పండ్లు తిని, ఇక రాత్రిదాకా పాలూ పళ్ళరసమే అంది. నడకలో మా ఇద్దరికంటే ముందుంది కూడా.

ఉదయమంతా జ్యూరిక్ వాటాలోనే గడిచిపోయింది. పచ్చిక మైదానాలు, మెడల్లో గంటలతో ఆవులు, పదహారో శతాబ్దపు చిన్న కోటలాంటి బెరోల్డింగెన్ ఇల్లు. దారి రైతుల పొలాల మధ్య నుంచే పోతుంది. తీగ కంచెకు చిన్న తలుపు, తీసుకుని వెళ్ళి మళ్ళీ వేయాలి. పొలం అతనిదే, నడిచే దారి అందరిదీ. ఇంటి గోడకు ఆనించిన తొట్టిలో చల్లని నీళ్ళు ధారగా పడుతుంటే సీసాలు నింపుకున్నాం. సీసా నీళ్ళు కొనవలసిన పనే లేదు. కాఫీకి మాత్రం అయిదు ఫ్రాంకులు, అంటే అయిదు వందల పైమాటే.

తర్వాత బావెన్‌కు దిగుడు. పైనుంచి చూస్తే ఊరి చర్చి శిఖరం కాళ్ళ కిందే కనిపిస్తుంది. మెట్లు, మళ్ళీ మెట్లు, తడిసిన ఆకులు, పక్కన ఇనుప కమ్మీ. ఎక్కడంలో ఊపిరి పోతే ఆగితే వస్తుంది. దిగడంలో మోకాలి నొప్పి ఆగినా తగ్గదు. మా ఆవిడ పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో దిగింది. రెండు చేతి కర్రలు ఉండబట్టి సరిపోయింది. ఈ బాట మీద కర్రలు లేకుండా ఎవరూ రావద్దని నా సలహా. మా కంటే పెద్దవాళ్ళు, ఎనభై దాటినట్టున్న దంపతులు, మమ్మల్ని దాటి దిగిపోతూ పలకరించారు. సిగ్గుపడడానికి కూడా ఓపిక లేదు.

బావెన్‌లో అడుగుపెట్టాక చూస్తే చర్చి ముందు తాటి జాతి చెట్లు! మంచు కొండల నడుమ అవి బతకడానికి కారణం దక్షిణపు వెచ్చని గాలీ, సరస్సు పట్టి ఉంచే వేడీ. 1950ల దాకా ఈ ఊరికి రోడ్డు లేదు, పడవే దిక్కు. స్విస్ జాతీయ గీతానికి బాణీ కట్టిన ఆల్బెరిక్ ట్స్విస్సిగ్ ఇక్కడే పుట్టాడు. ఆయన సన్యాసి. మోకాళ్ళు చల్లబడేదాకా రేవులో కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాం. సెప్టెంబరు నీరు అనుకున్నంత చల్లగా లేదు.

అక్కడి నుంచి దారి చదునే. చక్రాల కుర్చీలో ఒకాయన, పిల్లల బండ్లతో తల్లులు. కొండను తొలిచి వేసిన పాత రోడ్డు సొరంగాల్లోంచి పోతుంటే పక్కన తొలిచిన కిటికీల్లో సరస్సు. ఇస్లేటెన్‌లో నది ఒకటి కొండ నుంచి దిగి చేరే చోట పాత కర్మాగారం కట్టడాలున్నాయి. 1873లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ కంపెనీ డైనమైట్ తయారుచేసిన చోటు అది. ఆ కాలంలోనే గోట్‌హార్డ్ రైలు సొరంగం తవ్వడం మొదలైంది, డైనమైట్‌కు గిరాకీ పక్కనే ఉంది. ఊళ్ళకు దూరంగా, నీటి ఒడ్డున, పేలినా కొండే అడ్డుపడేలా చోటు చూసుకున్నారు. ఇప్పుడు అక్కడ కుర్రాళ్ళు గాలి తెరచాపలతో నీటి మీద జారుతున్నారు.

ఫ్లూయెలెన్ చేరేసరికి పొద్దు వాలింది. మా ఆవిడ రెండు గ్లాసుల పాలు తాగి పడుకుంది. మేమిద్దరం సిగ్గు లేకుండా పెద్ద భోజనం చేశాం.

ఆదివారం: గాలి

పొద్దున లేస్తే ఎదుటి కొండలు చేయి చాస్తే అందేటంత దగ్గరగా ఉన్నాయి. చెట్ల గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. గాలి వెచ్చగా, పొడిగా, విసురుగా. రేవులో నారింజ రంగు దీపం మిణుకుమంటోంది. నిమిషానికి నలభై సార్లు వెలిగితే జాగ్రత్త అని, తొంభై సార్లు వెలిగితే తుపాను గాలి అని అర్థం. హోటలు యజమానురాలు "ఈ రోజు కొండ పక్కన నడవకండి, ఫ్యోన్ వచ్చింది" అంది.

ఫ్యోన్ సంగతి ఇంజనీరుకు నచ్చేలా ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే తేమ గాలి ఆల్ప్స్ ఎక్కుతూ అవతలి వైపే వానంతా కురిపించేస్తుంది. శిఖరాలు దాటి ఇవతలికి దిగేటప్పుడు ఒత్తిడికి వేడెక్కుతుంది. ఊరి లోయ ఇరుకు కాబట్టి ఇక్కడికి వచ్చేసరికి వేగం పుంజుకుంటుంది. పాతకాలంలో ఫ్యోన్ వీచే రాత్రులు పొయ్యిలార్పించి, వీధుల్లో కాపలా తిరిగేవారు. చెక్క ఇళ్ళు కదా. 1799లో ఆల్ట్‌డార్ఫ్ పట్టణం ఈ గాలిలోనే తగలబడిపోయింది.

నడక మానుకుని బస్సులో ఆ ఆల్ట్‌డార్ఫ్‌కే వెళ్ళాం. చౌక్‌లో విలియం టెల్ విగ్రహం, 1895 నాటిది, భుజాన విల్లు, పక్కన కొడుకు. గెస్లర్ అనే అధికారి తన టోపీని కొయ్యకు తగిలించి, దారిన పోయేవాళ్ళంతా దానికి దండం పెట్టాలన్నాడట. టెల్ పెట్టలేదు. శిక్షగా కొడుకు తల మీద యాపిల్ పెట్టి కొట్టమన్నాడు. కొట్టాడు. టెల్ అనేవాడు ఉన్నాడనడానికి చరిత్రకారులకు ఆధారమేమీ దొరకలేదు. బావమరిది మాత్రం టోపీకి దండం పెట్టించడం నమ్మదగ్గదేనన్నాడు. దుకాణం లైసెన్సుల కోసం తిరిగిన అనుభవం మాట్లాడుతోంది.

మధ్యాహ్నం గాలి తగ్గాక రాయిస్ నది సరస్సులో కలిసే చోటుకు వెళ్ళాం. ఈ ప్రయాణంలో నేను ఎక్కువసేపు నిలబడింది ఇక్కడే. పంతొమ్మిదో శతాబ్దంలో వరదల భయంతో నదిని తిన్నని కాలువగా మార్చేశారు. తర్వాత సరస్సు మొగదలలో కంకర తవ్వారు. నది తెచ్చే మేట ఆగిపోయి, తవ్వకం ఆగకపోయేసరికి ఒడ్డు కోసుకుపోసాగింది. పొలాలు, రెల్లు మడులు నీళ్ళలోకి జారాయి. మన వాగుల్లో ఇసుక తవ్వినచోట జరిగేది అచ్చంగా ఇదే. వాళ్ళేం చేశారంటే, నది చివర కట్టను తెరిచి నీటిని మళ్ళీ పాయలుగా వదిలారు. కొత్త గోట్‌హార్డ్ సొరంగం తవ్విన రాతిని తెచ్చి సరస్సు అడుగున పోసి, లోతు తగ్గించి, చిన్న చిన్న దీవులు పుట్టించారు. కొన్ని దీవులు ఈతకు వచ్చేవాళ్ళవి. కొన్ని పక్షులవి, అక్కడికి మనుషులు వెళ్ళకూడదు.

ఆ సొరంగం 57 కిలోమీటర్లు, 2016 జూన్‌లో ప్రారంభమైంది. ఉత్తరపు ముఖం ఇక్కడికి దగ్గర్లోనే ఎర్స్ట్‌ఫెల్డ్‌లో ఉంది. తవ్వకంలో తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. మన ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో 2025 ఫిబ్రవరిలో ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు రోజుల తరబడి టీవీ ముందు కూర్చున్నవాణ్ణి. ఆ రాతి దీవుల మీద పిల్లలు నీళ్ళు చల్లుకుంటుంటే నాకు ఆ రెండు అంకెలే గుర్తొచ్చాయి. మా ఆవిడతో అనలేదు.

తిరిగి వస్తుంటే ఆమే ఒక మాట అంది. "మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. నీళ్ళు మనకు ఎడమ చేతి వైపే ఉంటున్నాయి. ఇది ప్రదక్షిణం ఎలా అవుతుంది? అప్రదక్షిణం కదా!" పడమటి ఒడ్డున దక్షిణానికి నడిచి, తూర్పు ఒడ్డున ఉత్తరానికి పోతున్నాం. అవును, ఎడమే. వాటాల వరస అలా ఉందని చెప్పాను. కాంటన్ల వరస దేవుడికెందుకంది.

సోమవారం: ఆక్సెన్ గోడ

తూర్పు ఒడ్డు పడమటి ఒడ్డంత బాగుండదు. ముందే చెప్పడం మంచిది. 1865 నాటికి కొండను తొలిచి పూర్తిచేసిన ఆక్సెన్ రోడ్డు, దానికింద రైలు, వాటి పైనా కిందా అల్లుకుంటూ కాలిబాట. లారీల హోరు పోనే పోదు. రాళ్ళు జారే కొండ కావడం వల్ల కొన్నిసార్లు రోడ్డే మూసేస్తారు, 2019లో సిసికాన్ దగ్గర అలాగే జరిగింది. బయల్దేరేముందు బాట తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి.

మధ్యలో నీటి అంచున టెల్ గుడి ఉంది. గెస్లర్ అతన్ని పడవలో బందీగా తీసుకుపోతుంటే ఫ్యోన్ లేచిందట. పడవ నడపగలిగినవాడు అతనొక్కడే కాబట్టి కట్లు విప్పారు. ఒడ్డు దగ్గరికి రాగానే టెల్ ఈ రాతి మీదికి దూకి, పడవను కాలితో సరస్సులోకి తన్నేశాడు. నిన్నటి గాలి చూశాక ఆ కథ ఎవరు కల్పించినా ఈ ఊరివాడే కల్పించి ఉంటాడని నమ్మకం కుదిరింది. ఇప్పటి గుడి 1879 నాటిది, గోడల మీద స్ట్యూకెల్‌బెర్గ్ గీసిన నాలుగు పెద్ద చిత్రాలు. పైన దారిలో చాకొలెట్ తయారీదార్లు ఇచ్చిన గంటల గుచ్ఛం ఉంది. బావమరిది గంటల కంటే చాకొలెట్లు పంచి ఉంటే బాగుండేదన్నాడు.

సిసికాన్ చిన్న ఊరు. త్వరగా చేరి త్వరగా పడుకున్నాం.

మంగళవారం: మోర్షాఖ్, బ్రున్నెన్

సిసికాన్ నుంచి మోర్షాఖ్‌కు రెండు వందల మీటర్ల ఎక్కుడు. లారీల మోత కిందే ఉండిపోయింది. మళ్ళీ పచ్చిక, మళ్ళీ ఆవులు. ఎదురుగా సేలిస్‌బెర్గ్, దాని కింద అడవిలో రూట్లి గడ్డి మరక. శుక్రవారం ఎక్కిన గోడ ఇటునుంచి చూస్తే నిజంగానే గోడలా ఉంది. ఆ మధ్యలో మేం నడిచిన దారి మాత్రం ఇప్పటికీ కనిపించలేదు.

జెనీవా వాటా దాటి, జ్యూరా రాయి దాటి, బ్రున్నెన్ ఒడ్డున ఒక చిన్న మైదానంలో బాట ముగిసింది. విదేశాల్లో ఉంటున్న స్విస్ పౌరులకు కేటాయించిన స్థలం అది. వాళ్ళకు మిల్లీమీటర్లు పంచలేదు, ఈ చోటు ఇచ్చారు. అమ్మాయికి ఫొటో పంపాను. "మరి నాకు హైదరాబాద్‌లో ఏ స్థలం ఇస్తారు?" అని జవాబిచ్చింది.

బావమరిదికి ఒక సందేహం మిగిలింది. "బావా, ఇక్కడి నుంచి రూట్లికి నేల మీద దారి లేదు. అంటే చుట్టు పూర్తి కానట్టే కదా?"

"శుక్రవారం పొద్దున ఇక్కడే కదరా పడవెక్కాం. ఆ ముక్క అప్పుడే అయిపోయింది" అంది వాళ్ళక్క. "పూర్తి కావడానికి అయింది, కాకపోతే ఎడమ చేతి వైపు."

జ్యూరిక్ రైలుకు ఇంకా టైముంది. ఆమె మ్యాపు అడిగి తీసుకుని, వేలితో బ్రున్నెన్ నుంచి వెనక్కి రాసుకుంటూ వెళ్ళింది. ఇటునుంచి మొదలుపెడితే ముందు ఆక్సెన్ హోరు వదిలిపోతుంది, నీళ్ళు కుడి వైపు వస్తాయి, బావెన్ దగ్గర దిగేది కాస్తా ఎక్కేది అవుతుంది. చివర సేలిస్‌బెర్గ్ నుంచి కేబుల్ రైలు ఉండనే ఉంది. మోకాళ్ళు అరిగినవాళ్ళు ఎవరైనా ఈ దిక్కునే నడవాలని తేల్చింది. నాకూ అందులో తప్పు కనబడలేదు.

"కాకపోతే బావెన్ మెట్లు శనివారం పడకుండా చూడండి" అంది.